ఒవెనూ, మాసీ, ఒక ‘చెయ్యకూడదు’

బెంగాలీలో ‘కొర్తే నేయ్’ అని ఒక మాట ఉంది. చెయ్యకూడదు అని అర్థం. కోల్‌కతా వచ్చి సాల్ట్ లేక్‌లో కాపురం పెట్టిన మొదటి నెలలోనే ఈ మాట నా చెవిన పడింది. గురువారం గోళ్లు తీసుకోకూడదు. పరీక్ష రోజు గుడ్డు తినకూడదు, తింటే మార్కులూ గుడ్డులాగే సున్నా వస్తాయి. బయటికి వెళ్తున్న మనిషిని వెనక నుంచి పిలవకూడదు. అన్నిటి చివరా ‘నేయ్’. ఎందుకండీ అని అడిగితే వచ్చే సమాధానం కూడా ‘నేయ్’ అనే!

మన దగ్గర తక్కువేం కాదులెండి. దీపాలు పెట్టే వేళ ఇల్లు ఊడవకూడదు, శనివారం నూనె కొనకూడదు, రాత్రిపూట గోళ్లు తియ్యకూడదు... ఎందుకని అడిగితే మా నాయనమ్మ “చెయ్యకూడదంటే చెయ్యకూడదురా, అంతే” అనేది. నేను హేతువాదంలోకి వచ్చిందే ఆ ‘అంతే’ మీద కోపంతో. కాలేజీ రోజుల్లో మిత్రులతో కలిసి ఊళ్లు తిరిగాను. పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పోసి, మంత్రం లేకుండా మంట ఎలా వస్తుందో చూపించాం. పసుపు నీళ్లలో సున్నం కలిపి ‘రక్తం’ చేశాం. కోవూర్, ప్రేమానంద్ లాంటివాళ్లు వేసిన దారే అది, మేం కనిపెట్టిందేమీ లేదు. “బాబాలు చేసేది కెమిస్ట్రీ” అని మైకులో చెప్పిన ప్రతిసారీ చప్పట్లు పడేవి.

అలాంటి నేను, ఒక ‘చెయ్యకూడదు’ని ఎగతాళి చేసి, ఒక మనిషిని ఆస్పత్రి పాలు చేశాను. అదీ కెమిస్ట్రీ విషయంలోనే. ఇది చదివేవాళ్లలో ఒక్కరి ఇంట్లోనైనా అలాంటిది జరగకుండా ఉంటుందేమోనని రాస్తున్నాను. సిగ్గుపడుతూనే.

మూడేళ్ల కిందటి జనవరి. ఆ రోజుల్లో ఇక్కడ నొలెన్ గుడ్ వస్తుంది, అంటే కొత్త ఈత బెల్లం. దాని వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పలేం. మా అమ్మాయి దానితో కేకు చేస్తానంది. గిన్నె అంచుదాకా పిండి పోసింది. అది పొంగి పొర్లి, బెల్లమూ వెన్నా కలిసి మా ఓటీజీ అడుగున, ట్రే మీద, జాలీ మీద కారి నల్లగా మాడి కూర్చున్నాయి. ఆ తర్వాత ఒవెన్ పెట్టినప్పుడల్లా ఇల్లంతా పొగ.

ఆదివారం నేను రంగంలోకి దిగాను. అందరూ చూసే వీడియోలే నేనూ చూశాను. వంటసోడా చల్లి దాని మీద వెనిగర్ పోశాను. అబ్బ, ఏం నురగ! ఆ నురగ చూస్తే మురికి పారిపోతోందనే అనిపిస్తుంది. నురగ చల్లారాక చూస్తే మురికి ఎక్కడిదక్కడే ఉంది. సరే, ఇంకా గట్టిది కావాలనుకున్నాను. ట్రేని, జాలీని స్నానాలగది టబ్బులో పెట్టి బ్లీచ్ పోశాను. గంటైనా కదల్లేదు. అప్పుడు టాయిలెట్ కడిగే యాసిడ్ సీసా కనబడింది. ఒకటి పని చెయ్యకపోతే రెండూ కలిస్తే చేస్తాయి కదా అన్నది నా లెక్క.

మా ఇంట్లో పని చేసే మాసి అప్పుడు అక్కడే ఉంది. మాసి అంటే పిన్ని. యాభై దాటిన మనిషి, కేష్టోపూర్ కాలువ అవతల నుంచి వస్తుంది. నా చేతిలో సీసా చూసి, “దాదా, ఓ దుటో ఎక్‌షొంగె దితే నేయ్” అంది. ఆ రెండూ కలిపి వెయ్యకూడదు అని.

నాకు నవ్వొచ్చింది. ‘నేయ్’ అన్న మాట చెవిన పడగానే నా బుర్రలో గురువారం గోళ్లు, పరీక్ష గుడ్డు వరసగా వచ్చి నిలబడ్డాయి. “మాసీ, ఇది మీ లక్ష్మీవారం కబుర్లలాంటిది కాదు. ఇది సైన్సు. పోసి రుద్దు” అన్నాను. ఇంతలో ఫోను మోగితే ముందు గదిలోకి వెళ్లిపోయాను.

ఆమె పోసింది.

చలికాలం కనక స్నానాలగది కిటికీ మూసి ఉంది. నాకు మొదట దగ్గు వినబడింది. తర్వాత టబ్బు తన్నుకున్న చప్పుడు. వెళ్లేసరికి మాసి గుమ్మం దగ్గర నేల మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఊపిరి అందక కొట్టుకుంటోంది. ఒక్క పీల్పుకే నా గొంతులో కత్తి దిగినట్టయింది. మా ఆవిడా నేనూ ఆమెని బాల్కనీలోకి లాక్కొచ్చి, కళ్లు నీళ్లతో కడిగి, ట్యాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు, నెబ్యులైజర్ పెట్టారు. రాత్రికి ఉంచుకున్నారు. ఆ డాక్టరు చెప్పిన మాట ఇక్కడ రాయాలి. ఈ వాయువు పీల్చినవాళ్లు గంటసేపట్లో బాగానే ఉన్నట్టు కనబడినా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రమాదం రావచ్చట. అందుకే తగ్గిందిలే అని ఇంటికి పంపెయ్యకూడదు. మాసి మర్నాడు ఇంటికి వెళ్లింది. దగ్గు మాత్రం పదిహేను రోజులు ఉంది. ఆస్పత్రి ఖర్చు, ఆ రోజుల జీతం ఇచ్చాను. అది గొప్పగా చెప్పుకునే విషయం కాదు, బాకీ తీర్చడం.

ఆమె మళ్లీ పనిలోకి వచ్చాక అడిగాను, “ఆ రెండూ కలపకూడదని నీకెలా తెలుసు మాసీ?” అని. చాలా ఏళ్ల కిందట ఇంకో ఇంట్లో స్నానాలగది కడుగుతూ, బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోసిందట. కళ్లు మండి, ఊపిరాడక బయటికి పరిగెత్తిందట. మరోసారి తెలియక అలాగే చేస్తే మళ్లీ అలాగే అయిందట. విడివిడిగా వాడితే ఏమీ కాలేదట. అందుకని మానేసింది.

రెండుసార్లు జరిగింది, విడదీసి చూసింది, తేడా గమనించింది, నియమం పెట్టుకుంది. మనం బళ్లలో పిల్లలకి చెప్పే శాస్త్రీయ పద్ధతి ఇంతకన్నా ఏముంది?

“మరి ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా?”

“మీరు అడగలేదు కదా దాదా.”

ఆ జవాబు మీద చాలా రోజులు ఆలోచించాను. ఆమె తప్పని తెలిసీ ఎందుకు పోసింది? చదువుకున్నవాడు చెప్పాడు, జీతం ఇచ్చేవాడు చెప్పాడు, పైగా ‘సైన్సు’ అన్నాడు. కారణం చెప్పకుండా, నా మాట నమ్ము అన్నవాణ్ణి మనం ఏమని పిలుస్తాం? ఆ ఉదయం ఆ ఇంట్లో బాబాని నేనే. కాషాయం కట్టుకోలేదు, అంతే తేడా. సొంత అనుభవంతో మాట్లాడింది ఆమె. నురగ చూసి మురిసింది నేను.

ఇక అసలు కెమిస్ట్రీ. బ్లీచ్‌లో ఉండేది హైపోక్లోరైటు. టాయిలెట్ యాసిడ్‌లో ఉండేది ఎక్కువగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. అది గాలికంటే రెండున్నర రెట్లు బరువు, అందుకే కిందికి దిగుతుంది. కందకంలో ఉన్నవాడికీ, నేల మీద గొంతుకు కూర్చుని ట్రే రుద్దే మనిషికీ ముందు తగులుతుంది. యాసిడ్ మాట అటుంచి వెనిగర్ కలిసినా బ్లీచ్ నుంచి క్లోరిన్ వస్తుంది. అమ్మోనియా ఉన్న గ్లాసు క్లీనర్లు కలిస్తే క్లోరమీన్లు వస్తాయి, అవీ విషమే. పొరపాటున కలిస్తే చెయ్యాల్సింది ఒకటే: దాన్ని అక్కడే వదిలేసి స్వచ్ఛమైన గాలిలోకి వచ్చెయ్యడం. విరుగుడుగా ఇంకేదో పొయ్యాలనే తెలివి వద్దు. ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆస్పత్రికి.

మరి వంటసోడా-వెనిగర్ నురగ సంగతి? అది ప్రమాదం కాదు, ఉత్త దండగ. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నురగంతా కార్బన్ డయాక్సైడ్. చివరికి మిగిలేది సోడియం ఎసిటేటు కలిసిన నీళ్లు. మన సభల్లో పర్మాంగనేటు మంట చూసి జనం నోరు తెరిచినట్టే, నేనూ నురగ చూసి నోరు తెరిచాను. కంటికి కనబడే ఆర్భాటం వేరు, జరిగే పని వేరు. ఈ వాక్యం ఎన్ని సభల్లో చెప్పానో!

అసలు ఒవెన్‌లో మురికి ఒకటే రకం కాదు. ఇది తెలిస్తే సగం సీసాలు కొనక్కర్లేదు. బెల్లం, పంచదార మాడితే అందులో చాలాభాగం వేడినీళ్లకి కరుగుతుంది, నానబెట్టడమే మందు. కొత్త నూనె జిడ్డు సబ్బుకి, సోడాకి లొంగుతుంది. పలచటి నూనె పొర మళ్లీ మళ్లీ వేడెక్కితే అణువులు గొలుసులుగా అల్లుకుని వార్నిష్‌లా గట్టిపడుతుంది. మన దోసెల పెనం నల్లగా నునుపుగా తేలేది సరిగ్గా ఇందువల్లే. అక్కడ దాన్ని పెంచి పోషిస్తాం, ఇక్కడ తిట్టుకుంటాం. ఇక పూర్తిగా బొగ్గయిపోయినదాన్ని ఏ సీసా కరిగించలేదు. మెత్తబరిచి గీకాల్సిందే. నేను బ్లీచ్ పోసింది ఈ బొగ్గు మీద. బ్లీచ్ రంగు పోగొడుతుంది, క్రిములని చంపుతుంది. మాడుకి అది మందే కాదు. అంటే నేను చేసిన పని ప్రమాదకరమే కాదు, అనవసరం కూడా.

ఇప్పుడు మా ఇంట్లో ఒవెన్ శుభ్రం చేసే పని నాది. నా నియమాలు కింద ఇస్తున్నాను. ప్రతిదానికీ పక్కనే కారణం ఉంది. కారణం నచ్చకపోతే నియమాన్ని పక్కన పెట్టండి.

1. ప్లగ్గు పీకకుండా ముట్టుకోకూడదు. స్విచ్ ఆపితే చాలదు. స్విచ్ ఒక్క తీగనే తెంచుతుంది. గోడలో తీగలు తారుమారుగా కలిపి ఉంటే, స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది.

2. పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. చెయ్యి కాలుతుందని మాత్రమే కాదు. వేడి గాజు తలుపు మీద చల్లటి తడిగుడ్డ పెడితే ఒకవైపు ముడుచుకుని పగలొచ్చు. వేడి లోహం మీద క్లీనర్ పడితే ఆవిరి నేరుగా ముక్కులోకి వస్తుంది.

3. ముందు పొడిగా, తర్వాత తడిగా. తుక్కు, తునకలు మెత్తటి బ్రష్‌తో ఊడ్చెయ్యాలి. తర్వాత వంటసోడాలో కొంచెం నీళ్లు కలిపి, దోసెల పిండికన్నా గట్టిగా, మాడిన చోట పూసి రాత్రంతా వదిలెయ్యాలి. వెనిగర్ వద్దు. ఇక్కడ పని చేసేది క్షారమూ, తడీ, సమయమూ. పొద్దున ప్లాస్టిక్ గరిటెతో గీకి, తడిగుడ్డతో నాలుగైదుసార్లు తుడవాలి. ఇంకా తెల్లటి చారలు మిగిలితే అప్పుడు గుడ్డకి వెనిగర్ అద్దుకుని తుడవచ్చు. వెనిగర్‌కి పనుంది, కానీ చివర్లో, విడిగా.

4. హీటర్ కడ్డీలకి ఏమీ పూయకూడదు. వాటి మీద పడింది వేడికి అదే కాలిపోతుంది. క్లీనర్ మిగిలితే అదీ కాలి మన తిండి మీద పొగ పెడుతుంది. మరీ అవసరమైతే గట్టిగా పిండిన తడిగుడ్డతో సుతారంగా తుడిచి ఆరనివ్వాలి.

5. అల్యూమినియం మీద గట్టి క్షారం వెయ్యకూడదు. బట్టల సోడా గాని, కాస్టిక్ సోడా ఉన్న ఒవెన్ క్లీనర్ గాని అల్యూమినియాన్ని తింటుంది, నల్లబరుస్తుంది. ట్రే ఏ లోహమో తెలియకపోతే సబ్బునీళ్లే మంచిది. కాస్టిక్ క్లీనర్ వాడక తప్పకపోతే చేతికి తొడుగులు, కంటికి అద్దాలు, తెరిచిన కిటికీ. అది కంట్లో పడితే చూపే పోవచ్చు.

కాస్టిక్ పూర్తిగా పోయిందో లేదో తెలుసుకోవడానికి మన పాత ‘రక్తం’ ప్రయోగం పనికొస్తుంది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కని, తుడిచిన తడి చోట అద్దండి. ఎర్రబడితే ఇంకా క్షారం ఉన్నట్టే. సబ్బు తగిలినా ఎర్రబడుతుంది కనక ముందు మంచినీళ్లతో తుడవాలి.

6. స్టీలు పీచుతో గాజుని రుద్దకూడదు. గీతలు పడతాయి. గీత పడ్డ గాజు బలహీనపడుతుంది, వేడికి ఎప్పుడో ఒకసారి చిట్లుతుంది.

7. అడుగున అల్యూమినియం ఫాయిల్ పరవకూడదు. శుభ్రంగా ఉంటుందని పరుస్తారు. వేడి ఎక్కడికి పోవాలో అక్కడికి పోకుండా వెనక్కి కొట్టి, కడ్డీలని, అడుగుని పాడు చేస్తుంది.

8. బొద్దింకల మందు లోపల కొట్టకూడదు. అందులో విషమూ ఉంటుంది, మండే ద్రావకమూ ఉంటుంది. బొద్దింకలు వచ్చేది తునకల కోసం. తునకలు తీసేస్తే వాటికి అక్కడ పనుండదు.

9. బాగా ఆరాకే ప్లగ్గు పెట్టాలి. అదీ ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్లోనే. 1500 వాట్ల ఒవెన్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు దానికి చాలదు. మొదట పది నిమిషాలు ఖాళీగా, కిటికీ తెరిచి వేడి చెయ్యాలి. మిగిలిన వాసనలేవైనా పోతాయి.

సాల్ట్ లేక్ కనక ఇంకోటి కలుపుతున్నాను. పేరులోనే ఉప్పు చెరువు ఉన్న ఊరిది. 1960లలో ఉప్పునీటి బీళ్లని గంగ పూడికతో నింపి, యుగోస్లావియా ఆర్కిటెక్టు దోబ్రివోయె తోష్కోవిచ్ గీసిన ప్లాను ప్రకారం కట్టారు. వానాకాలం వస్తే ఇక్కడ గాలే తడిగుడ్డలా ఉంటుంది. జాలీని తడిగా లోపల పెట్టి తలుపు మూస్తే వారంలో తుప్పు. కడిగాక తుడిచి, తలుపు కాసేపు తెరిచి ఉంచాలి.

అమెరికాలో ఉన్న మిత్రులకి ఈ తంటా లేదు. వాళ్ల ఒవెన్లలో చాలావాటికి తనంతట తానే శుభ్రపడే మీట ఉంటుంది. తలుపు తాళం పడి, లోపల దాదాపు 480 డిగ్రీల దాకా వేడెక్కి, మురికంతా బూడిదవుతుంది. బాగానే ఉంది గాని, ముందు పెద్ద తునకలు తీసెయ్యాలి, నాన్‌స్టిక్ గిన్నెలు లోపల ఉంచకూడదు, కిటికీలు తెరవాలి. ఇంట్లో పెంపుడు చిలకలుంటే వేరే చోటికి పంపాలి. వేడెక్కిన నాన్‌స్టిక్ పూత నుంచి వచ్చే పొగ పక్షులని నిమిషాల్లో చంపగలదు.

మైక్రోవేవ్ సంగతి వేరు. మా పక్క ఫ్లాట్ పెద్దాయనకి అదంటే హడల్. మనవరాల్ని దాని దగ్గర నిలబడనివ్వడు, ‘రేడియేషన్’ అంటాడు. రోజూ పొద్దున ఆయన నడకకి వెళ్లేది ఏఎఫ్ బ్లాకు మీదుగా, అంటే సాహా ఇన్‌స్టిట్యూటు, సైక్లోట్రాన్ సెంటరు పక్క నుంచే! ఈ ఊరు మైక్రోవేవ్‌లకి భయపడాల్సిన ఊరు కాదు. 1895లో కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటరు తరంగాలని లెఫ్టినెంట్ గవర్నర్ ఒంట్లోంచి పంపించి, అవతల గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించాడు. గవర్నరుగారికి ఏమీ కాలేదు. అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ రాడార్ గొట్టం దగ్గర జేబులోని చాక్లెట్ కరగడం గమనించింది దానికి యాభై ఏళ్ల తర్వాత, 1945లో. ఒవెన్‌లో వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు వేడి పుట్టిస్తాయి. అణువుల బంధాలు తెంచే శక్తి వాటికి లేదు, దానికి కావలసినదాంట్లో అది లక్షో వంతు మాత్రమే. అయితే వేడి మన ఒంటికి తగిలితే ఒళ్లు కాలుతుంది. అందుకే తలుపు గట్టిగా పట్టాలి.

ఆ పెద్దాయన మైక్రోవేవ్ తలుపు అంచు చూస్తే ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు కనబడింది. తలుపు సరిగా ఆనడం లేదు. భయపడాల్సిన చోట గుడ్డ పెట్టి తుడవలేదు, భయపడక్కర్లేని చోట మనవరాల్ని తరుముతున్నాడు! అంచులు సబ్బునీళ్ల గుడ్డతో తుడవాలి. తలుపు వంగినా, గొళ్లెం వదులైనా వాడకుండా మెకానిక్కుకి చూపించాలి. లోపల పక్కగోడ మీద ఉండే అభ్రకం రేకు మీద జిడ్డు మాడితే మెరుపులు వస్తాయి, దాన్నీ మెత్తగా తుడవాలి. వెనక మూత మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు. దాని ముందు మన హేతువాదం పని చెయ్యదు.

మైక్రోవేవ్‌కి అందరూ చెప్పే చిట్కా నిమ్మకాయ. గిన్నెలో నీళ్లు పోసి నిమ్మచెక్కలు వేసి మరిగిస్తే మురికి ఊడుతుందని. గుమ్మానికి నిమ్మకాయ కట్టేవాళ్లని చూసి నవ్వేవాణ్ణి కదా, ఈసారి నవ్వే ముందు చూద్దామనుకున్నాను. ఒక వారం నిమ్మకాయతో, ఒక వారం ఉత్త నీళ్లతో మూడేసి నిమిషాలు మరిగించి, అయిదు నిమిషాలు తలుపు మూసి ఉంచి తుడిచాను. నాకు కనబడిన తేడా వాసన ఒక్కటే. మురికిని మెత్తబరిచేది ఆవిరి. ఒక వంటింట్లో రెండు వారాల ప్రయోగంతో ఏదీ తేలిపోదు, మీరూ చేసి చూడండి. కాకపోతే గిన్నెలో ఒక చెక్క చెంచా వెయ్యండి. నునుపు గిన్నెలో ఉత్త నీళ్లు బుడగ రాకుండా మరుగు స్థాయి దాటిపోయి, కదిలించగానే ఒక్కసారిగా మొహం మీదికి చిమ్మే ప్రమాదం ఉంది.

ఒక అపార్థానికి తావివ్వకూడదు. “చూశారా, మన పెద్దలు చెప్పిన ప్రతిదాంట్లో సైన్సుంది” అనే వాదనకి నేను లొంగిపోలేదు. గురువారం గోళ్లు తీసుకుంటే ఏమీ కాదు, మూడేళ్లుగా తీసుకుంటున్నాను. పది ‘చెయ్యకూడదు’ల్లో తొమ్మిది చెత్తే కావచ్చు. కానీ పదోది ఏదో దాని ముఖాన రాసి ఉండదు. అన్నీ ఒకే గొంతుతో, ఒకే ‘నేయ్’తో వస్తాయి. అన్నిటినీ నమ్మేవాడూ, అన్నిటినీ కొట్టేసేవాడూ ఒకే శ్రమ తప్పించుకుంటున్నారు: అడగడం.

భాద్ర సంక్రాంతి, అంటే సెప్టెంబరు 17 ప్రాంతంలో, బెంగాల్లో విశ్వకర్మ పూజ. కార్ఖానాల్లో యంత్రాలు ఆపి, తుడిచి, పూజ చేస్తారు. ఆకాశం నిండా గాలిపటాలు. అదే రోజు చాలా ఇళ్లలో ‘అరంధన్’, అంటే వంట చెయ్యని రోజు. ముందురోజు రాత్రే వండుకుని, తెల్లారాక పొయ్యి వెలిగించకుండా, పొయ్యిని శుభ్రం చేసి మనసాదేవి పేర పూజ చేసి, చద్దన్నం తింటారు. మాసికి ఆ రోజు సెలవు. “ఉనూన్ జాలాతే నేయ్ దాదా” అంటుంది, పొయ్యి వెలిగించకూడదని. పాముల దేవత మీద నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో మాత్రం ఒవెన్ శుభ్రం చెయ్యడానికి నేను ఆ రోజే పెట్టుకున్నాను. చల్లటి పొయ్యి, సెలవు, కావలసినంత సమయం. మా అమ్మ కూడా రోజూ బూడిద తీసి, పొయ్యి అలికి, ముగ్గేసి గాని వెలిగించేది కాదు. ముగ్గు సంగతి నాకు తెలియదు గాని, బూడిద తీస్తే గాలి ఆడి పొగ తగ్గేది.

బ్లీచ్‌ని, యాసిడ్‌ని ఇప్పుడు వేరు వేరు గదుల్లో పెడుతున్నాం. మాసికి చదువు రాదు కనక ఒక సీసాకి ఎర్ర దారం, ఇంకోదానికి నల్ల దారం కట్టాం. ఎర్ర దారం ఉన్న గదిలోకి నల్ల దారం రాకూడదు. దారాలు చూసి మా ఆవిడ, “చివరికి తాయెత్తులు కట్టావన్నమాట” అంది.

కిందటి సెప్టెంబరులో సెలవు మర్నాడు మాసి వచ్చి, ఒవెన్ తలుపు తీసి లోపలికి తొంగి చూసింది. వేలితో అడుగు రాసి చూసింది. బాగుందన్నట్టు తలాడించింది. గోడ పక్కకి ఆనించి ఉన్న ఒవెన్‌ని నేను ముందుకి జరుపుతుంటే, “కేనో?” అంది. ఎందుకు అని. వెనక వేడి గాలి పోవడానికి జాగా ఉండాలి మాసీ, అన్నాను. “ఎంత జాగా?”

నాకు తెలియదు. పుస్తకం వెతికి చూసి చెప్తానన్నాను. ఆమె అక్కడే నిలబడింది, నేను వెతికేదాకా.